సెల్లార్‌లో కారు రిమోట్లు పనిచేయడం లేదు, రోడ్డెక్కితే బాగానే ఉన్నాయి. ఎక్కడ వెతకాలి?

సెల్లార్_బి2

హైదరాబాద్, ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, ఒకటే సెల్లార్. 16 రోజులుగా లిఫ్టు పక్కనున్న రెండు వరసల్లో కార్లకి రిమోట్ పట్టడం లేదు. మొత్తం ఐదు కార్లు, నాలుగు కంపెనీలవి. తలుపుకి ఆనించి నొక్కితే ఒక్కోసారి తెరుచుకుంటుంది, రెండు మీటర్లు జరిగితే ఉలుకూ పలుకూ ఉండదు. అవే కార్లు గేటు బయటికి తీసుకెళ్తే 15 మీటర్ల నుంచి కూడా లాక్ పడుతోంది. ర్యాంపు వైపు పెట్టిన కార్లకి ఏ ఇబ్బందీ లేదు.

ఐదుగురూ బ్యాటరీలు మార్చేశారు. ఒకరికి సర్వీస్ సెంటర్‌లో కొత్త రిమోట్ కొనమన్నారు. ఒక పాత కారుకి బయట బిగించిన సెంట్రల్ లాక్, అలారం కిట్ ఉంది. తాళంతో తలుపు తీస్తే సైరన్ మొదలవుతుంది, రిమోట్‌తో ఆగదు. ఇంకో పుష్ బటన్ కారులో 'కీ నాట్ డిటెక్టెడ్' అని వస్తోంది. ఇది మాత్రం అప్పుడప్పుడు రోడ్డు మీద కూడా వస్తోంది.

ఎవరో జామర్ పెట్టారని వాచ్‌మన్ మీద పడుతున్నారు. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

వైరింగ్_బాబాయ్

వాచ్‌మన్‌ని వదిలేయండి. మీరు చెప్పినవాటిలో రెండు వేరువేరు జబ్బులున్నాయి, ఒకే గాటన కట్టొద్దు.

బటన్ నొక్కే రిమోట్ మన దేశంలో, యూరప్‌లో దాదాపు అన్ని కార్లకీ 433.92 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. పుష్ బటన్ కార్లకి ఇంకో దారి కూడా ఉంది. కారు 125 కిలోహెర్ట్జ్‌లో (కొన్నిట్లో 134.2) 'ఉన్నావా' అని తాళాన్ని పిలుస్తుంది, తాళం 433లో 'ఉన్నా' అని పలుకుతుంది. ఆ పిలుపు మీటరు, మీటరున్నర దాటి పోదు.

రోడ్డు మీద కూడా కీ దొరకడం లేదన్న కారుది ఈ రెండో దారిలో సమస్య. ఫోను వైర్‌లెస్ చార్జర్ మీద పెడుతున్నారేమో అడగండి. ఆ చార్జర్లు నడిచేది 100 నుంచి 205 కిలోహెర్ట్జ్ మధ్యలో, 125 సరిగ్గా అందులోనే పడుతుంది. తాళం, ఫోను ఒకే జేబులో, ఒకే కప్ హోల్డర్‌లో ఉన్నా ఇదే గోల. చార్జర్ ఆపి, తాళాన్ని ఫోనుకి కనీసం ఒక జానెడు దూరంలో పెట్టి చూడండి. చవక డాష్‌క్యామ్ అడాప్టర్లు కూడా ఈ పని చేస్తాయి, ఒక్కొక్కటీ పీకి చూడటమే. స్టార్ట్ అవ్వాల్సిన తొందర ఉంటే తాళాన్ని స్టార్ట్ బటన్‌కే ఆనించి బ్రేక్ తొక్కి నొక్కండి. ఎక్కువ మోడళ్లలో తాళం లోపలి ట్రాన్స్‌పాండర్ (తాళాన్ని గుర్తుపట్టించే చిప్) బ్యాటరీ లేకున్నా అలా చదవబడుతుంది. కొన్నిట్లో దానికి వేరే గూడు ఉంటుంది, మాన్యువల్‌లో చూడండి.

మిగతా నాలుగూ 433 బాపతే. చోటు మారితే బాగయ్యే రిమోట్‌కి రోగం లేదు. కొత్తది కొనకండి. బ్యాటరీ సంగతి తేల్చుకోవాలంటే మల్టీమీటర్‌లో ఊరికే 3 వోల్టులు చూసి సరిపెట్టుకోవద్దు, బటన్ నొక్కి ఉంచి చూడాలి. నొక్కగానే 2.6కి పడిపోతే అది అయిపోయినట్టే. సీఆర్2032 చోట సీఆర్2025 పెట్టినవాళ్లు కూడా ఉంటారు. మందం 3.2 మిల్లీమీటర్లకి బదులు 2.5, అందుకే కాంటాక్ట్ వదులై సతాయిస్తుంది.

పట్టడం లేదని అదే పనిగా నొక్కొద్దు. ప్రతి నొక్కుకీ కోడ్ మారుతుంది. ఇలా కోడ్ మార్చే కీలాక్ (KeeLoq) చిప్ ఉన్న రిమోట్లలో కారు వినని నొక్కులు 16 లోపు ఉంటే ఫర్వాలేదు. అవి దాటితే, సిగ్నల్ బాగా అందే చోట వరసగా రెండుసార్లు నొక్కితేనే మళ్లీ కలుస్తుంది. మొదటి నొక్కుకి ఏమీ జరగకపోతే 'రిమోట్ పోయింది' అనుకుంటారు, మీవాళ్లకి సర్వీస్ సెంటర్‌లో చెప్పింది ఇదే అయ్యుండొచ్చు.

ఆ బయటి అలారం సంగతి వేరే. చవక కిట్లలో ఉండేది సూపర్ రీజెనరేటివ్ రిసీవర్. చుట్టుపక్కల ఫ్రీక్వెన్సీలో ఏమొచ్చినా తలుపు తీసి లోపలికి రానిచ్చే రకం. కంపెనీ రిసీవర్ కన్నా ముందు అదే చతికిలబడుతుంది. సైరన్ ఆపడానికి డాష్ కింద ఎక్కడో చిన్న వ్యాలే స్విచ్ దాచి ఉంటారు. ఇగ్నిషన్ ఆన్ చేసి దాన్ని నొక్కాలి. ఎన్నిసార్లు, ఎన్ని సెకన్లు అన్నది కిట్‌ని బట్టి మారుతుంది.

ఇది తేలేదాకా అందరికీ ఒక మాట చెప్పండి: లాక్ నొక్కాక హ్యాండిల్ లాగి చూడందే కారు వదలొద్దు. నిజంగా దొంగలు జామర్ వాడేది కూడా లాక్ పడకుండా చేయడానికే.

ఒహాయో_నుంచి

ఇక్కడ క్లీవ్‌లాండ్ పక్కన నార్త్ ఓమ్‌స్టెడ్‌లో 2019లో అచ్చం ఇదే జరిగింది. కొన్ని వీధుల్లో కారు రిమోట్లు, గ్యారేజ్ తలుపులు కొన్ని వారాలు మొరాయించాయి. అమెరికాలో వీటిలో చాలావరకు 315 మెగాహెర్ట్జ్. చివరికి తేలిందేమిటంటే, ఎలక్ట్రానిక్స్ పిచ్చి ఉన్న ఒకాయన బేస్‌మెంట్‌లో పనిచేసుకుంటుండగా పైన ఎవరైనా తిరిగితే తెలిసేలా సొంతంగా ఒక పరికరం చేసుకున్నాడు. అది 315లో ఆగకుండా సిగ్నల్ వదులుతూనే ఉంది. ఆయనకి ఆ సంగతే తెలియదు.

ఎందుకు చెప్తున్నానంటే, అది బ్యాటరీతో నడిచే పరికరం. మెయిన్ ఆఫ్ చేసినా ఆగకపోతే 'మన బిల్డింగ్‌లో లేదు' అని తేల్చేయొద్దు.

ఇంకోటి. అక్కడి నుంచి తెచ్చిన కారు తాళాలు, రిమోట్ గేట్లు 315వి అయితే వాటికి మీ 433 గొడవతో సంబంధం లేదు. పోల్చి చూడటానికి పనికిరావు.

పదిహేడు_సెంటీమీటర్లు

బాబాయ్ గారు సగం పని చేసేశారు, మిగతాది వెతుకులాట. ముందు ఇది ఎందుకు జరుగుతుందో రెండు ముక్కల్లో చెప్తాను. రిమోట్ 433.92లో చిన్న చిన్న పల్సులు పంపుతుంది. కారులోని రిసీవర్ సిగ్నల్ ఉందా లేదా అని చూస్తూ ఒకట్లు, సున్నాలు ఏరుకుంటుంది. అక్కడే ఇంకెవరో ఆగకుండా కూత పెడుతుంటే దానికి అన్నీ ఒకట్లుగానే వినిపిస్తాయి. మీ రిమోట్ గొంతు ఆ కూతని మించాలి. ఆ పరికరం మీ రిమోట్ కన్నా 20 డెసిబెల్స్ బలమైనదైతే దూరంలో అది పది రెట్ల తేడా. అది కారుకి 10 మీటర్లలో ఉంటే మీ రిమోట్ మీటరు లోపలికి రావాలి. మీరు చెప్పిన లక్షణం అదే.

దాన్ని బట్టి కొన్నిటిని ఇంట్లో కూర్చునే కొట్టేయొచ్చు. గేటు రిమోట్ ఏదో డ్రాయర్‌లో నొక్కుకుపోయిందేమో అని అందరూ మొదట అనుకుంటారు. దానిలో ఉండే 12 వోల్ట్ 23ఏ బ్యాటరీలో ఉన్నది 50, 60 మిల్లీయాంప్ అవర్లు. ప్రసారానికి 10 మిల్లీయాంపులు లాగినా అది ఐదారు గంటల్లో చచ్చిపోతుంది. 9 వోల్ట్ బ్యాటరీ సెన్సార్ అయితే రెండు రోజులు. మీది 16 రోజులు. కాబట్టి అడాప్టర్ మీద గానీ పెద్ద బ్యాటరీ మీద గానీ నడిచేదే. వైర్‌లెస్ కాలింగ్ బెల్ రిసీవర్, ట్యాంకు నీటిమట్టం చెప్పే వైర్‌లెస్ కంట్రోలర్, బూమ్ బ్యారియర్ పెట్టె, దొంగ అలారం సైరన్ యూనిట్: మీ లిస్టు ఇదీ. పొలాల్లో వాడే మొబైల్ స్టార్టర్ల లాంటివి జీఎస్ఎమ్ మీద నడుస్తాయి, వాటి జోలికి పోనక్కర్లేదు.

కావాల్సింది ఒక ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (యూఎస్‌బీకి పెట్టే చిన్న రేడియో రిసీవర్), ల్యాప్‌టాప్, అందులో సిగ్నల్స్‌ని తెర మీద చూపే ఎస్‌డీఆర్ షార్ప్ లేదా ఎస్‌డీఆర్ ప్లస్ ప్లస్ సాఫ్ట్‌వేర్. యాంటెన్నాకి 17.3 సెంటీమీటర్ల తీగ చాలు, 433.92కి పావు తరంగం అంతే. ఇది వినడానికే, ఏమీ ప్రసారం చేయదు.

సాఫ్ట్‌వేర్‌లో సెంటర్ ఫ్రీక్వెన్సీ 433.5కి పెట్టండి, 433.92కి కాదు. కొన్ని డాంగిల్స్‌లో సరిగ్గా మధ్యలో ఒక దొంగ గీత వస్తుంది, దాన్నే దోషి అనుకుంటారు. 432.0 దగ్గర కూడా ఒకటి కనిపిస్తుంది, అది డాంగిల్ లోపలి 28.8 మెగాహెర్ట్జ్ క్లాక్‌కి పదిహేనో రెట్టు. ఏ గీత మీద అనుమానం వచ్చినా యాంటెన్నా పీకి చూడండి. అప్పుడూ ఉంటే అది మీ డాంగిల్‌దో ల్యాప్‌టాప్‌దో. ఆటోమేటిక్ గెయిన్ (సిగ్నల్‌ని దానంతటదే పెంచి తగ్గించేది) ఆపేసి చేత్తో పెట్టుకోండి, లేకపోతే దగ్గరికెళ్లినా దూరమెళ్లినా బలం ఒకేలా కనబడుతుంది.

వాటర్‌ఫాల్‌లో, అంటే తెర మీద సిగ్నల్స్ కాలంతో పాటు కిందికి జారే బొమ్మలో, ఏం చూడాలంటే: పైనుంచి కింద దాకా తెగని నిలువు గీత అయితే ఇరుక్కుపోయిన ట్రాన్స్‌మిటర్. అర నిమిషానికో నిమిషానికో చుక్క పడితే ఏ వాతావరణ సెన్సారో, అది నిర్దోషి. బ్యాండంతా పొగ పట్టినట్టుంటే ఎల్ఈడీ ట్యూబ్‌లైటో, ఏదో అడాప్టరో. చవక ట్రాన్స్‌మిటర్ గీత నిలకడగా ఉండదు, మధ్యాహ్నం వేడికి మెల్లగా పక్కకి జరుగుతుంది.

సెల్లార్‌లో దిక్కుని నమ్మకండి. స్తంభాలు, కార్లు సిగ్నల్‌ని అద్దాల్లా తిప్పికొడతాయి, 35 సెంటీమీటర్లకోసారి సిగ్నల్ పడి లేస్తుంటుంది. ప్రతి చోటా మీటరు అటూ ఇటూ నడిచి, వచ్చిన గరిష్ఠం రాసుకోండి. అది పెరిగే వైపు వెళ్లండి. గీత మరీ లావైపోతే గెయిన్ తగ్గించండి, చివరికి తీగ పీకేయండి. తీగ లేకుండా కూడా బలంగా కనిపించిందంటే ఒకటి రెండు మీటర్లలో ఉన్నట్టే.

పరికరాలు దొరక్కపోతే రాజ్‌భవన్ రోడ్డులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, 1983 నాటిది. దాచిన ట్రాన్స్‌మిటర్‌ని వెతికే ఆట హామ్‌లకి (అమెచ్యూర్ రేడియో వాళ్లకి) సరదా. వాళ్ల బ్యాండు 434 నుంచి 438, పక్క వీధే. యాంటెన్నాలు ఎలాగూ ఉంటాయి.

సెల్లార్_బి2

డాంగిల్ దొరికింది. 433.88 దగ్గర తెగని గీత. యాంటెన్నా పీకితే పోతోంది. మీ లెక్కలో ఇరుక్కున్నదే. కామన్ ఏరియా ఎంసీబీలు ఒక్కొక్కటీ దింపి ఐదేసి నిమిషాలు చూశాం, గీత కదల్లేదు. ఫ్లాట్ల మెయిన్లు కూడా వంతులవారీగా దింపాం. అయినా ఉంది. పక్క బిల్డింగ్‌దేమో?

అన్నట్టు ఆ పుష్ బటన్ కారు వైర్‌లెస్ చార్జర్ ఆపితే బాగైంది.

ఒహాయో_నుంచి

నేను చెప్పిందే. బ్యాకప్ బ్యాటరీ ఉన్నదాన్ని వెతకండి.

పదిహేడు_సెంటీమీటర్లు

పక్క బిల్డింగ్‌దైతే ర్యాంపు వైపు కార్లు కూడా ఏడ్చేవి. గరిష్ఠం ఎక్కడొస్తోంది? లిఫ్టు పక్కన సంప్ ఉందా? సంప్ మూత మీద నీటిమట్టం సెన్సార్ పెట్టె ఉంటే దాని దగ్గర తీగ లేకుండా చూడండి.

సెల్లార్_బి2

సంపే! మూత పక్క గోడకి చిన్న తెల్ల పెట్టె. సంప్‌లో నీళ్లెన్ని ఉన్నాయో పైన మోటార్ ప్యానెల్‌కి చెప్పేది. తీగ లేకుండా కూడా స్క్రీన్ నిండిపోయింది. మూత విప్పితే లోపల నీటి బొట్లు, బోర్డు మీద ఆకుపచ్చ చిలుము, పక్కన 3.7 వోల్ట్ బ్యాటరీ. దాని కనెక్టర్ లాగగానే గీత మాయం. 20 మీటర్ల నుంచి రిమోట్లు పనిచేస్తున్నాయి. మోటార్ ఇప్పుడు చేత్తో వేస్తున్నాం. పెట్టెని ఆరబెట్టి మళ్లీ పెట్టొచ్చా?

వైరింగ్_బాబాయ్

వద్దండి. చిలుము పట్టిన బోర్డు ఆరాక రెండు వారాలు బుద్ధిగా ఉండి వానాకాలంలో మళ్లీ మొదలెడుతుంది. ట్రాన్స్‌మిటర్‌కి వెళ్లే డేటా పిన్ తేమకి షార్టై 'ఆన్'లోనే ఇరుక్కుపోయి ఉంటుంది, అందుకే ఆగకుండా కూసింది.

సంప్ నుంచి ప్యానెల్‌కి వైరు లాగే వీలుంటే అదే మేలు, ఫ్లోట్ స్విచ్‌కి రెండు కోర్ల కేబుల్ చాలు. వైర్‌లెస్సే కావాలంటే 865-868 మెగాహెర్ట్జ్ రకం అడగండి. మన దేశంలో తక్కువ పవర్‌కి లైసెన్స్ అక్కర్లేని బ్యాండు, కార్ల జోలికి రాదు. పెట్టెని మూత మీద కాకుండా అడుగున్నర పైన గోడకి బిగించండి. కేబుల్ కింది వైపు నుంచే లోపలికి వెళ్లాలి. వెళ్లేముందు ఒక వంపు వదిలితే నీటిబొట్టు వంపు దగ్గరే రాలిపోతుంది. కేబుల్ దూరే చోట గ్లాండ్ (కేబుల్‌ని పట్టి ఉంచే బిరడా) బిగించాక సిలికాన్ పూయండి.

ఆ అలారం కారాయన్ని సైరన్ మళ్లీ మోగుతుందేమో ఒకసారి చూసుకోమనండి. కోడ్ తప్పి ఉంటే వరసగా రెండు నొక్కులు.