బాల్కనీలో పెట్టిన పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని ధూళి) సెన్సర్‌ను ఎంతవరకు నమ్మొచ్చు?

మూసాపేట నాన్న:
మా చిన్నదానికి చలికాలం వస్తే ఆయాసం. అందుకే ప్లాంటవర్ పీఎంఎస్ 5003 అనే సెన్సర్ కొని బాల్కనీలో పెట్టాను. మొన్న తెల్లవారుజామున మంచు పట్టినప్పుడు ఘనపు మీటరు గాలికి 190 మైక్రోగ్రాములు చూపించింది. అదే గంటకు సనత్‌నగర్‌లోని గాలి నాణ్యత కొలిచే స్టేషన్‌లో 80 లోపే. పాపను స్కూలుకు పంపాలా వద్దా అని ఒకటే టెన్షన్. దేన్ని నమ్మాలి?

పటాన్‌చెరు కుర్రాడు:
అన్నా, మంచులో అది ఎక్కువే చూపిస్తుంది. లోపల లేజర్ వెలుతురు రేణువుల మీద పడి ఎంత చెదిరిందో చూసి బరువు లెక్కగడుతుంది. తేమ పెరిగితే రేణువులు నీరు పీల్చి ఉబ్బుతాయి, సెన్సర్‌కు అదంతా ధూళే. స్టేషన్లలో వాడే బీటా కిరణాల యంత్రంలో గాలిని వేడిచేసి తేమ తగ్గిస్తారు. పక్కనే ఒక తేమ సెన్సర్ పెట్టండి. నేనైతే తేమ 80 శాతం దాటిన గంటల్ని లెక్కలోంచి తీసేస్తాను. మన దేశ ప్రమాణం 60 మైక్రోగ్రాములు అనేది కూడా 24 గంటల సగటుకు, ఒక్క గంటకు కాదు.

మలక్‌పేట టీచర్:
మా స్కూల్‌కి ఒకే మోడల్‌వి మూడు కొన్నాం. ముందు వారం రోజులు ఒకే కిటికీలో పక్కపక్కన పెట్టాం. రెండు కలిసి నడిచాయి, మూడోది ఎప్పుడూ తక్కువే. చూస్తే ఫ్యాన్ దగ్గర సాలెగూడు, అందులో చిన్న పురుగు! మెత్తటి బ్రష్‌తో తీశాక దారికొచ్చింది. కొన్న వెంటనే ఇలా పోల్చి చూడకపోతే ఆ తేడా మాకు తెలిసేదే కాదు.
ఇంకో మాట. మా వీధిలో పాత ఇల్లు కూలగొట్టిన రోజు కళ్లల్లో దుమ్ము పడుతున్నా పీఎం 10 (కాస్త పెద్ద రేణువులు కూడా కలిపిన ధూళి) అంకె పెద్దగా కదల్లేదు. పెద్ద రేణువుల్ని ఇది సరిగా పట్టుకోలేదు. ఆ అంకె చూడటమే మానేశాను.

కాప్రా అక్క:
ఎస్‌డీఎస్ 011 అనే ఇంకో మోడల్ సెన్సర్ వాడేవాళ్లు గమనించండి, లేజర్ ఆయుష్షు 8,000 గంటలని తయారీదారులే చెబుతారు. ఆపకుండా నడిపితే ఏడాది కూడా రాదు. నేను దాన్ని ఆపి ఉంచి, ఐదు నిమిషాలకోసారి లేపి, అర నిమిషం ఆగి రీడింగ్ తీసుకుంటాను.

మూసాపేట నాన్న:
తమ్ముడూ, తేమ మీటర్ పెట్టాను. ఈరోజు పొద్దున మంచులో 94 శాతం! మధ్యాహ్నం ఎండకు నాది 52, స్టేషన్‌ది 45. ఇప్పుడు మనసు కుదుటపడింది. నిన్న సెన్సర్‌ను లోపల పెడితే, మా ఆవిడ ఎండుమిర్చి పోపు వేయగానే 300 దాటింది. అది మాత్రం నిజమే, పాప వెంటనే దగ్గింది. ఇకనుంచి పోపు వేసేటప్పుడు వంటింటి తలుపు మూసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తున్నాం.