దావా పత్రాల మీద ఏ-1, ఏ-2 అని మనమే రాయవచ్చునా?

ప్రశ్న (నకిరేకల్ వైపు నుంచి):
పెద్దలకు నమస్కారం. మా తండ్రిగారి రెండెకరాల చెలక విషయమై నల్గొండ కోర్టులో దావా వేయబోతున్నాము. 1954-55 ఖాస్రా పహాణీ (ఊరి భూముల సాగు, హక్కుల రికార్డు) నకలు, పట్టాదారు పాసుపుస్తకం, 1987లో తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామా (రిజిస్టరు కాని అమ్మకపు పత్రం), పదకొండు శిస్తు రసీదులు ఉన్నాయి. వీటి మీద ఏ-1, ఏ-2 అని నేనే రాసి వకీలుగారికి ఇవ్వవచ్చునా?

జవాబు (వకీలు గుమాస్తా):
అసలు పత్రాల మీద పెన్ను పెట్టకండి. ప్లెయింటు (దావా అర్జీ) చివర పత్రాల జాబితాలో వేసే వరుస సంఖ్య వేరు, ఎగ్జిబిట్ సంఖ్య (సాక్ష్యంగా తీసుకున్న పత్రానికి కోర్టు వేసే ఏ-1, ఏ-2 వంటి గుర్తు) వేరు. మీరు చీఫ్ అఫిడవిట్ (మీ సాక్ష్యాన్ని ప్రమాణం మీద రాసిచ్చే పత్రం) దాఖలు చేసి, బోనెక్కి పత్రాన్ని చూపించి, కోర్టు దానిని సాక్ష్యంలోకి తీసుకున్న తర్వాతనే ఎగ్జిబిట్ సంఖ్య పడుతుంది. అప్పుడు సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ ఆర్డరు 4వ రూలు ప్రకారం దావా నంబరు, దాఖలు చేసినవారి పేరు, తేదీ ఆ పత్రం మీద రాయించి జడ్జిగారు సంతకం చేస్తారు. మన దగ్గర వాది పత్రాలకు ఏ వరుస, ప్రతివాదివాటికి బి, మూడో వ్యక్తి నుంచి వచ్చినవాటికి ఎక్స్, కోర్టు నియమించిన కమిషనర్ నివేదిక వంటివాటికి సి వేస్తారు.

మీ జాబితాలో మూడోది సాదా బైనామా కదా, చిక్కంతా అక్కడే ఉంది. మామూలు అభ్యంతరమైతే దానిని నమోదు చేసుకొని తాత్కాలికంగా నంబరు వేసి, చివర తేల్చవచ్చునని సుప్రీంకోర్టు 2001లో బిపిన్ శాంతిలాల్ పాంచాల్ కేసులో చెప్పింది. కానీ స్టాంపు తక్కువైందన్న అభ్యంతరాన్ని మాత్రం అప్పటికప్పుడే తేల్చాలన్నది. స్టాంపు చట్టం 35వ సెక్షను కింద తక్కువపడిన సుంకంతో పాటు పదింతల జరిమానా కట్టవలసి రావచ్చు. బైనామా ఆ రోజు ఆగిపోతే జాబితాలో నాలుగోదైన రసీదుకే ఏ-3 పడుతుంది. అప్పుడు మీరు రాసిన ఏ-4ను కొట్టివేయాలి, కొట్టివేత కనిపిస్తే ఎదుటి వకీలు మిమ్మల్ని ఎదురు ప్రశ్నలడిగే క్రాస్‌లో దాన్నే పట్టుకుంటారు.

పహాణీ ఉర్దూలో ఉంటే తెలుగు అనువాదం జతచేయండి. జిరాక్సు ప్రతుల మీద మాత్రం కుడి మూలన పెన్సిలుతో జాబితా సంఖ్య వేసుకోండి, దానివల్ల ఇబ్బంది లేదు.

ప్రశ్న:
రసీదులన్నిటికీ కలిపి ఒకే సంఖ్య వేయించుకోవచ్చునా? పాసుపుస్తకానికి లామినేషన్ కూడా చేయించాను.

జవాబు:
కట్టగా వేయించుకునేవారు ఉన్నారు కానీ, నా మాట వింటే విడివిడిగానే వేయించండి. ఏ సంవత్సరం రసీదు చూపుతున్నారని అడిగినప్పుడు కట్టంతా విప్పి వెతుక్కోవలసి వస్తుంది. లామినేషన్ మీద సిరా నిలవదు, కోర్టు ముద్ర కూడా చెదిరిపోతుంది. అలాగని ఊడదీయబోకండి, పొరతో పాటు అక్షరాలు లేచివస్తాయి. ఉన్నది ఉన్నట్టుగా తీసుకెళ్ళి వకీలుగారికి ముందే చెప్పండి.