సైయాన్ 5ఎమ్‌ఎక్స్ ఆపి లేపితే సర్వర్‌కు కనబడట్లేదు

నల్గొండలో ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్‌ను సర్వర్‌గా పెట్టి, దాని మీద సైయాన్‌తో మాట్లాడే పీఎల్‌పీటూల్స్ అనే సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాను. నా దగ్గర 1999 నాటి సైయాన్ సిరీస్ 5ఎమ్‌ఎక్స్ చేతి కంప్యూటర్లు మూడున్నాయి. ఏది ఎప్పుడు కలిసింది, బ్యాటరీ ఎంతుంది అని ఒక స్క్రిప్ట్ రాసిపెడుతుంది. పీఎల్‌పీటూల్స్‌లోనే ఉండే పీఎల్‌పీఎఫ్‌టీపీ అనే ప్రోగ్రామ్‌లో machinfo అని కొడితే మెషీన్ నంబరు వస్తుంది, దాంతోనే ఏది ఏదో పోల్చుకుంటున్నాను.

సైయాన్‌లో రిమోట్ లింక్ సెట్టింగ్‌లో కేబుల్, వేగం 115200 పెడితే రెండు మూడు సెకన్లలో కలుస్తుంది. ఫైళ్లూ బాగానే వస్తాయి. చిక్కంతా ఆపి లేపినప్పుడే. పది నిమిషాలు ఆపి ఎస్కేప్ నొక్కి లేపితే తెర మీద లింక్ ఆన్ అనే ఉంటుంది, కేబుల్‌ను పైకి కలిపే యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్ మీద ఎర్ర లైటూ మిణుకుమంటుంది. పై మీద ఈ లింక్‌ను చూసుకునే ఎన్‌సీపీడీ ప్రోగ్రామ్ మాత్రం ఉలకదు, పలకదు. దాన్ని ఆపి మళ్లీ మొదలుపెడితే వెంటనే కలుస్తుంది.

కోఠిలో 250కి తెచ్చిన కన్వర్టర్‌నే ముందు అనుమానించాను. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నది పెట్టినా అదే తంతు. వేగం 19200కి తగ్గించాను, కొత్త సెల్స్ వేశాను, మూడు మెషీన్లూ మార్చి చూశాను. లాగ్‌లో ఎర్రర్ లేదు, రాయడమే ఆగిపోతోంది. క్రాన్‌తో (చెప్పిన సమయానికి పనులు నడిపే టూల్) ఐదు నిమిషాలకోసారి ఎన్‌సీపీడీ రీస్టార్ట్ అయ్యేలా పెడితే కాపీ అవుతున్న ఫైలు సగంలో తెగింది, అది తీసేశాను. నా సెట్టింగ్‌లోనే ఏదో తప్పుందని అనిపిస్తోంది.

ఎన్‌సీపీడీని రీస్టార్ట్ చేయకుండానే, లేచిన సైయాన్‌ను అది మళ్లీ పట్టుకునేలా మీలో ఎవరైనా చేసి ఉంటే ఏ సెట్టింగ్‌తో చేశారు?