వైపర్‌లో ఉన్నవన్నీ మామూలు పార్ట్‌లే కదా, దానికి పేటెంట్ ఎలా ఇచ్చారు?

గేర్‌బాబు:
ఫ్రెండ్స్ ఒక డౌట్. నిన్న వానలో కార్లో కూర్చుని వైపర్ ఒకసారి తుడిచి, కాసేపు ఆగి, మళ్లీ తుడుస్తుంటే చూస్తూ ఉన్నా, తర్వాత వెతికితే దానికి పేటెంట్ ఉండేదట, రాబర్ట్ కర్న్స్ అనే ఆయన ఫోర్డ్ మీద కేసు కూడా వేశాడట. లోపల ఉండేది ఒక ట్రాన్సిస్టర్ (స్విచ్ లాంటిది), ఒక కెపాసిటర్ (చార్జ్ దాచుకునేది), ఒక రెసిస్టర్ (కరెంట్‌కి అడ్డుపడేది). ఇవేవీ ఆయన కనిపెట్టినవి కాదుగా? ఇంకోటి, ఒకడు పేటెంట్ తీసుకుంటే మిగతా కంపెనీలన్నీ 20 ఏళ్లు చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందేనా?

పాతస్పానర్:
ఫోర్డ్ వాళ్లూ కోర్టులో అచ్చం నీలాగే వాదించారు బ్రో. పేటెంట్ పార్ట్‌లకి కాదు, వాటిని కలిపిన తీరుకి. కెపాసిటర్ మెల్లగా చార్జ్ అవుతుంది, ఒక లెవెల్ దాటగానే ట్రాన్సిస్టర్ ఆన్ అయి మోటార్ తిరుగుతుంది, తుడవడం అయ్యేసరికి చార్జ్ ఖాళీ, మళ్లీ మొదటికి. నువ్వు నాబ్ తిప్పితే మారేది రెసిస్టెన్స్, దాంతో చార్జ్ అయ్యే టైమ్ మారుతుంది. 1964లో అప్లై చేస్తే 1967లో ఇచ్చారు. 1978లో కేసు వేశాడు, 1990లో జ్యూరీ ఫోర్డ్ పేటెంట్‌ని ఉల్లంఘించింది కానీ కావాలని చేసింది కాదు అంది, చివరికి కోటి డాలర్ల పైచిలుకు ఇచ్చి సెటిల్ చేసుకున్నారు. అప్పటికి పేటెంట్ గడువే అయిపోయింది పాపం.

కార్బురేటర్:
చేతులు కట్టుకోనక్కర్లేదు. పేటెంట్‌లో చూడాల్సింది క్లెయిమ్స్, అందులో రాసుకున్నంతవరకే హక్కు. సెల్డెన్ అని ఒక లాయర్ 1879లో మొత్తం కారుకే అప్లికేషన్ పెట్టి, మార్పులు చేస్తూ చేస్తూ 1895 దాకా సాగదీశాడు, తర్వాత చాలా కార్ల కంపెనీలు రాయల్టీ కట్టాయి. హెన్రీ ఫోర్డ్ కట్టను పో అన్నాడు. 1911లో అప్పీల్ కోర్టు పేటెంట్ చెల్లుతుంది, కానీ అది బ్రేటన్ అనే రకం ఇంజిన్ ఉన్న బండికే, ఫోర్డ్ వాడేది ఒట్టో అనే వేరే రకం ఇంజిన్ అని కేసు కొట్టేసింది. అప్పుడు పేటెంట్ బాధితుడు ఫోర్డ్, కర్న్స్ టైమ్‌కి సీన్ రివర్స్ 😄

సీట్‌నంబర్5:
మీరు కోర్టుల దగ్గరే ఆగిపోయారు. వోల్వోలో నీల్స్ బోలిన్ 1959లో చేసిన మూడు పాయింట్ల సీట్ బెల్ట్, నడుము పక్కన ఒకే బకిల్, ఒక్క చేత్తో పెట్టుకోవచ్చు, దాన్ని వాళ్లు అందరికీ ఫ్రీగా వదిలేశారు. టొయోటా కూడా 2019లో దాదాపు 23,740 హైబ్రిడ్ పేటెంట్లు 2030 దాకా రాయల్టీ లేకుండా ఇస్తామంది.

కార్బురేటర్:
వోల్వోకి దండం. టొయోటాది మాత్రం దానధర్మం అనుకోను, పదిమంది అదే టెక్నాలజీ వాడితే పార్ట్‌లు చవకవుతాయి, సిస్టమ్ కావాలంటే వాళ్ల దగ్గరే కొనొచ్చు. టెస్లా 2014లో పేటెంట్ కేసులు వెయ్యం అన్నప్పుడు కూడా 'సదుద్దేశంతో వాడేవాళ్ల మీద' అని ఒక ముక్క తగిలించింది, అసలు మెలిక అక్కడుంది.

గేర్‌బాబు:
థాంక్స్ అన్నలూ. ఇంతకీ కర్న్స్‌కి ఆ ఐడియా ఎలా వచ్చింది?

పాతస్పానర్:
పెళ్లి రోజు రాత్రి షాంపేన్ బిరడా ఎగిరి కంటికి తగిలింది, ఆ చూపు దాదాపు పోయింది. కన్నురెప్ప ఆగి ఆగి కొట్టుకుంటుంది కదా, వైపర్ ఎందుకు ఆగదు అనుకున్నాడట.