అప్‌డేట్: వరద తగ్గాక కొల్లేరులో గాలం

కొల్లేరు పొంగి బురదగా ఉంది, గాలం వేయవచ్చా అని ఇంతకుముందు ఇక్కడ మిమ్మల్ని అడిగాను. వరద తగ్గేదాకా ఆగమన్నారు, ఆగాను. బుడమేరు, తమ్మిలేరు వాగులు సరస్సులోకి తెచ్చిపోసిన నీటిని ఉప్పుటేరు కాలువ ఒక్కటే సముద్రానికి మోయాలి మరి, మట్టం నింపాదిగా తగ్గింది.

నిన్న వెళ్లాను. గట్టును ముందు వెదురు కర్రతో పొడిచి చూడమన్న మీ సలహాయే నన్ను కాపాడింది. పైకి గట్టిగా కనిపించిన అంచు మూరెడు మేర జారి నీళ్లలో పడింది. నేను కూర్చోబోయింది అక్కడే! గుర్రపుడెక్కలో పాము కనిపిస్తే దాని దారికి దాన్ని వదిలేశాను.

నీటిలోకి దిగకుండా, ఒడ్డున తుంగ పక్కనే వానపాము గుచ్చి వేశాను. బురదనీటిలో చేప కంటికన్నా వాసననే నమ్ముతుంది కాబోలు, రెండు జెల్లలు పడ్డాయి. ఒకదాని ముల్లు బొటనవేలిలో దిగింది. దాని గురించి మాత్రం ఎవరూ హెచ్చరించలేదు.