ఏఎన్‌ఏ పాజిటివ్ వస్తే లూపస్ ఉన్నట్లేనా?

ప్రశ్న: కీళ్ల నొప్పుల కారణంగా మా అక్కయ్యకు చేయించిన ఏఎన్‌ఏ (సొంత కణాల కేంద్రకాలపై దాడి చేసే ప్రతిరక్షకాలను వెతికే) రక్తపరీక్షలో, రక్తాన్ని 80 రెట్లు పలుచన చేసినా అవి కనిపించే స్థాయిలో, అంటే 1:80 టైటర్‌తో పాజిటివ్ వచ్చింది. దీన్నిబట్టి లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే దాడి చేసే జబ్బు) అని నిర్ధారించవచ్చునా?

జవాబు 1: నిర్ధారించలేమండి. 2019లో యూరప్, అమెరికా రుమటాలజీ (కీళ్లు, రోగనిరోధక జబ్బుల వైద్యం) సంఘాలు ప్రకటించిన వర్గీకరణ ప్రమాణాలలో 1:80 అనేది పరిశీలన మొదలుపెట్టడానికి కావలసిన కనీస అర్హత మాత్రమే. ఆరోగ్యవంతులలోనూ, థైరాయిడ్ సమస్య ఉన్నవారిలోనూ ఇది కనిపిస్తుంది. లూపస్‌ను గట్టిగా సూచించేవి యాంటీ డీఎస్‌డీఎన్‌ఏ, యాంటీ స్మిత్ అనే ప్రత్యేక ప్రతిరక్షకాలు. లూపస్ కిడ్నీలనూ దెబ్బతీయగలదు కనుక మూత్రంలో ప్రొటీన్ పోతున్నదేమో కూడా చూపించండి.

జవాబు 2: హెప్-2 కణాలపై (ప్రయోగశాలలో పెంచే మానవ కణాలు) ఇమ్యునోఫ్లోరెసెన్స్ (ప్రతిరక్షకాలు మెరిసేలా చేసి చూసే) పద్ధతిలో పరీక్షించి ఉంటే నివేదికలో ప్యాటర్న్ (కణంలో ఆ మెరుపు కనిపించే తీరు) కూడా ఉంటుంది, అది సెంట్రోమియర్ రకం అయితే వైద్యుల ఆలోచన స్క్లెరోడెర్మా (చర్మం గట్టిపడే జబ్బు) వైపు మళ్లుతుంది.

జవాబు 3: పాజిటివ్ వచ్చాక ఏఎన్‌ఏను మళ్లీ మళ్లీ చేయించడం, నా దృష్టిలో, వృథా ఖర్చు. గర్భధారణ ఆలోచన ఉంటే మాత్రం యాంటీ రో అనే మరో ప్రతిరక్షకం పరీక్ష గురించి రుమటాలజిస్టును తప్పక అడగండి, ఎందుకంటే ఆ ప్రతిరక్షకం అరుదుగా శిశువు గుండె లయను దెబ్బతీస్తుంది.