ఏడాదిలో మూడోసారి మూత్రంలో మంట: మిగిలిన మాత్రలు వేసుకోవచ్చా?

ప్రశ్న (బట్టల షాపు ఉద్యోగిని, విజయవాడ):
నా వయసు 34. రోజంతా షాపులో నిలబడే పని. మరుగుదొడ్డి పై అంతస్తులో ఉంది. గిరాకీ వేళ కౌంటరు వదిలి వెళ్లలేక నీళ్లు తాగడమే తగ్గించాను. ఇంటి దగ్గర నింపుకున్న సీసా చాలా రోజులు సగం కూడా ఖాళీ కాకుండానే తిరిగి వస్తోంది. ఈ ఏడాది ఇది మూడోసారి: మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, వెళితే నాలుగు చుక్కలే రావడం. ఇంట్లోవాళ్లు వేడి చేసిందని బార్లీ నీళ్లు ఇచ్చారు. గత రెండుసార్లు మందుల షాపులో మాత్రలు కొని, మంట తగ్గగానే ఆపేశాను. మిగిలినవి బీరువాలో ఉన్నాయి. ఇప్పుడు అవి వేసుకోవచ్చా?

జవాబు (ల్యాబ్ టెక్నీషియన్, వరంగల్):
వేసుకోకండి చెల్లెమ్మా. ముందు డాక్టరుకు చూపించి, మాత్ర వేసుకోకముందే మూత్రం కల్చర్ పరీక్షకు (అందులోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకు) ఇవ్వండి. యాంటీబయాటిక్ పడిన తరువాత ఇచ్చిన నమూనాలో క్రిమి పెరగకపోవచ్చు; జబ్బు ఉన్నా రిపోర్టులో ఏమీ లేదని వస్తుంది. మొదటి ధార వదిలేసి, మధ్య ధారను ల్యాబ్ ఇచ్చిన డబ్బాలోనే పట్టాలి. ఇంట్లో కడిగిన సీసాలో తెచ్చేవారిని తరచూ చూస్తుంటాను. ఆ సీసాలోని క్రిములే పెరిగి రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది. కల్చర్‌కు రెండు మూడు రోజులు పడుతుంది కానీ, క్రిమి ఏ మందుకు లొంగుతుందో, దేనికి లొంగదో అందులో తేలుతుంది.

జవాబు (విశ్రాంత నర్సు, రాజమహేంద్రవరం):
అమ్మా, దీనికి కారణం వేడి కాదు. పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా మూత్రనాళం గుండా పైకి పాకడం వల్లే ఎక్కువ మందికి ఇది వస్తుంది. ఆడవారిలో ఆ నాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే కనుక మనకే ఎక్కువ. బార్లీ నీళ్లు తాగితే తప్పులేదు, అందులోని నీరు మేలే చేస్తుంది గానీ అది మందు కాదు. రోజుకు లీటరున్నర కన్నా తక్కువ ద్రవాలు తాగే స్త్రీలు అదనంగా మరో లీటరున్నర నీళ్లు తాగినప్పుడు, మళ్లీ మళ్లీ రావడం దాదాపు సగానికి తగ్గిందని 2018లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. మీ సీసా సంగతి చదివినప్పుడు నాకు తట్టింది అదే. మూత్రం ఆపుకోకండి, కలయిక తరువాత వెంటనే వెళ్లండి, కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనక్కి కడుక్కోండి, లోపల సబ్బు వాడకండి. ఏడాదిలో మూడుసార్లు వచ్చింది కనుక షుగరు పరీక్ష గురించి కూడా డాక్టరును అడగండి. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే మాత్రం కిడ్నీ దాకా వెళ్లిందేమోనని అనుమానించి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణులైతే మంట ఒక్కటే ఉన్నా ఆలస్యం చేయకూడదు.

ప్రశ్న వేసినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. జ్వరం లేదు. ఈ ఉదయం డాక్టరుకు చూపించి, మాత్ర వేసుకోకుండానే నమూనా ఇచ్చాను. మందు రాశారు, రిపోర్టు వచ్చాక అవసరమైతే మారుస్తామన్నారు. ఈసారి చెప్పినన్ని రోజులూ వాడతాను. మధ్యాహ్నం, సాయంత్రం పది నిమిషాల చొప్పున కౌంటరు చూసుకోవడానికి పక్క సెక్షన్ అమ్మాయి ఒప్పుకుంది. తనకూ ఇదే బాధ ఉందని నాకు ఇవాళే తెలిసింది.